పత్తర్‌గట్టి గ్రద్దలు

హైదరాబాదు చూడవచ్చినవారెల్లరును చార్మినారు చూతురు. లాడ్‌బజారున గాజులు కొందురు. సాలార్జంగు ప్రదర్శనశాలలో గంట కొట్టు బొమ్మ గడియారము నెదుట గుంపుగూడి నిలుతురు. ఈ మూడింటి నడుమనున్న పత్తర్‌గట్టిని మాత్రము నడచి దాటిపోవువారే గాని నిలిచి చూచువారు తక్కువ. నిలిచినవారి చూపైనను అంగళ్ల మీదనే గాని ఆకాశము మీదికి పోదు. కాని పత్తర్‌గట్టికి రెండు వీథులు గలవు. క్రింది వీథి మనుష్యులది, మీది వీథి గ్రద్దలది. ఆ రెండింటిని సోదరీమణులకు చూపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

అఫ్జల్‌గంజునుండి వచ్చువారు నయాపూలు మీదుగా మూసీ దాటవలెను. వంతెనకు ఈవలిగట్టున కుడిచేతి వైపు ఉస్మానియా ఆసుపత్రి యున్నది. ఆ యావరణలో ఒక ముదుసలి చింతచెట్టు గలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినపుడు సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ యను ఉర్దూకవి తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని యొంటరిగా మిగిలెను. తల్లిలేని బిడ్డలును, బిడ్డలు లేని తల్లులును ఆనాడు ఈ రెండు గట్లమీదను ఎందరుండిరో!

ఆ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువను రెండు జలాశయములు కట్టబడినవి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. నగరము నడిబొడ్డున ఇరుకుసందులను విశాలము చేసి మరల కట్టుటకై ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఆ మండలి కట్టించినదే పత్తర్‌గట్టి. పత్తర్ అనగా రాయి. మదీనా కూడలి దాటి చార్‌కమాన్ వైపు నడచునపుడు రాజవీథికి ఇరుప్రక్కలను నల్లసేనపు రాతి కమానులు వరుసదీరి యుండును. క్రింద అంగళ్లు, మీద మేడగదులు. కమానుల నీడలో నడచువారికి చైత్రమాసపు ఎండయైనను తగులదు.

అంగళ్ల సంగతి మేము చెప్పనక్కరలేదు. పెండ్లి పట్టుచీరలు, జరీపనుల దుపట్టాలు, పెండ్లికొడుకుల షేర్వాణీలు, అత్తరు సీసాలు, ముత్యాలసరములు, సుర్మా భరిణెలు వరుసగా కనబడును. ఒకచోట పన్నీటి వాసన, మరియొకచోట క్రొత్త గుడ్డల గంజివాసన, ఇంకొకచోట బిర్యానీ దేగిసా మూత తీసిన ఆవిరి. ముందుకు సాగినచో నాలుగు కమానులలో ఉత్తరపుదైన మఛ్లీకమాన్. దాని లోపల గుల్జార్‌హౌజు. దానికావల 1591లో కట్టిన చార్మినారు. క్రింది వీథి ఇంతటితో ముగిసినది. ఇక తల యెత్తవలెను.

తల యెత్తినచో ఎండ మొదలైనప్పటినుండి ప్రొద్దు క్రుంకువరకు గ్రద్దలు సుళ్లు తిరుగుచునే యుండును. ముదురు గోధుమవన్నె మేను, చీలిన తోక, ఈల వేసి వణికించినట్టి కూత. రెక్కలు చాచినచో ఇంచుమించు అయిదడుగుల వెడల్పుండును. తూచినచో కిలో బరువైనను చాలమట్టుకు ఉండదు. ఇక్కడివారు దీనిని చీల్ అందురు. తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు గల గరుడపక్షి వేరు, ఇది వేరు. గరుడపక్షి కనబడినచో మనము చేతులు మోడ్తుము. గ్రద్ద కనబడినచో ‘హుష్’ అందుము. కోడిపిల్లలను తన్నుకొనిపోవు దొంగ యని దీనికి మన పల్లెలలో చెడ్డపేరు. మేమును గోదావరితీరపు పల్లెలో పుట్టినవారమే గనుక, చిన్ననాడు గ్రద్దనీడ పెరటిలో పడగానే కోళ్లగంప బోర్లించుటకు పరుగెత్తినవారమే.

పట్టణమున దీని వృత్తి వేరు. కసాయి యంగళ్ల వ్యర్థములు, చచ్చిన ఎలుకలు, కుప్పతొట్లలోని ఎముకలు దీని ఆహారము. ఎవరును ముట్టని దానిని తొలగించి వీథిని శుభ్రపరచును. పూర్వము ఈ పనిలో రాబందులకును పాలుండెడిది. పశువుల కిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందు వాని కళేబరముల ద్వారా రాబందులకు విషమై 1990 తరువాతి కాలమున వానిని దాదాపు తుడిచిపెట్టెను. 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడినను రాబందులు తిరిగి రాలేదు. మిగిలినది గ్రద్దయే. మరియు పాతనగరమున దానధర్మముగా మాంసపుముక్కలను గ్రద్దలకు ఎగురవేయు ఆచారము గలదు. రోగి కోలుకొనవలెనని, ప్రయాణికుడు క్షేమముగా చేరవలెనని మ్రొక్కుకొని విసరెదరు. ఆ ముక్క నేలబడకముందే గ్రద్ద అందుకొనును.

అవి గూళ్లు కట్టునది పుష్యమాఘములలో. ఎండుపుల్లల నడుమ గుడ్డపీలికలు, కాగితములు, తీగముక్కలు ఏమి దొరికిన నవి పేర్చును. పత్తర్‌గట్టిలో దర్జీల గుమ్మములముందు పీలికలకు కొదువయా! ఆడుగ్రద్ద 2 లేక 3 గ్రుడ్లు పెట్టి నెలదినములు పొదుగును. పిల్లలు పుట్టిన పిమ్మట ఆలుమగల పని విభజింపబడియుండును. మగది వేటాడి తెచ్చును. ఆడుది గూటిలో నుండి పిల్లలకు వెచ్చదనము నిచ్చును, ఎండవేళ రెక్క పందిరిపట్టును, మగది తెచ్చినదానిని ముక్కుతో చీల్చి పిల్లల నోటికి సరిపడు ముక్కలుగా అందించును. ఈ సంగతి మేము పుస్తకములలో చదివియుంటిమి. దాని యర్థము మాత్రము మొన్న మాఘమున పత్తర్‌గట్టిలో తెలిసినది.

మావారి పూర్వవిద్యార్థి యొకరు ఈ వీథిలో షేర్వాణీల యంగడి నడుపుచున్నారు. కమానుల వెనుక గల్లీలో పాతకాలపు దేవిడీలో మిగిలిన యొక భాగము వారి ఇల్లు. నడుమ ఎండిన హౌజు, దాని ప్రక్కన పెద్ద వేపచెట్టు. ఆ చెట్టు కొమ్మలు మిద్దె పిట్టగోడను తాకుచుండును. ఇంట వారి ముసలితల్లియు, 9 ఏండ్ల కూతురును ఉందురు. ఇల్లాలు గతించి మూడేండ్లైనది. ఆ పెద్దావిడను మేము ఖాలా యందుము. ఆమె మమ్ము బిడ్డా యని పిలుచును. మా ఆడపడుచు కుమార్తె పెండ్లిబట్టలకై మేమిద్దరము వెళ్లినరోజున ఆ ఇల్లు చిన్నబోయి యుండెను. బాలిక కన్నులు ఏడ్చి యెఱ్ఱవారియుండెను.

సంక్రాంతినాడు ఎగురవేసిన గాలిపటపు దారము, మాంజా, ఆ వేపచెట్టు కొమ్మలలో చిక్కుకొని నెలరోజులుగా వ్రేలాడుచుండెనట. గాజుపొడి పూసిన నైలాను దారము. దాని నమ్ముటయు కొనుటయు కూడదని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునలు దేశమంతటికిని శాసించెను. అయినను చాటుగా దొరకుచునే యున్నది. అది ఎండకు చివుకదు, వానకు తెగదు. ముందుదినము సాయంకాలము ఆడుగ్రద్ద గూటికి వచ్చుచు రెక్కను అందు తగిలించుకొని, విడిపించుకొనవలెనని కొట్టుకొనిన కొలది దారము ఎముకవరకు కోసెను. ప్రక్కింటి కుఱ్ఱవాడు చెట్టెక్కి దారము తెంచి దింపెను. దీపములు పెట్టువేళకు అది చనిపోయెను.

మమ్ము మిద్దెమీదికి తీసికొనిపోయి ఖాలా చూపినది. పిట్టగోడకు రెండు బారల దూరమున కొమ్మలపంగలో గూడు. మూడు పిల్లలు. ఒకటి, అన్నిటికన్న చిన్నది, మెడ వాల్చి చచ్చియుండెను. తక్కిన రెండును తెల్లని నూగుతో, పెద్దకన్నులతో, రెండువారముల వయసువై యుండవచ్చును. వాని యెదుట ఒక ఎలుక, ఒక కోడిప్రేగు, కొంత మాంసము పడియుండెను. అంతయు ముట్టకుండ నున్నది. ఇంత తిండి యెదుట నుండగా ఇవి యేల మాడుచున్నవని మా ఆడపడుచు అడిగెను. అంతలో మగగ్రద్ద వచ్చెను. కాళ్లలో నున్న మరియొక ఎలుకను గూటిలో జారవిడిచి, కొంచెము నిలిచి, కమాను అంచుమీదికి పోయి కూర్చుండి కూయుచుండెను. పిల్లలు ఎలుకవైపు నోళ్లు తెరచినవి. ఎలుక ఎలుకగానే యుండెను. చీల్చునది లేదు.

ఖాలా మెల్లగా అన్నది: “చూసినవా బిడ్డా, వాడు తెస్తడు. తినిపియ్య రాదు వానికి.” ఆ మాట అని, తన కొడుకు కూర్చుండు అంగడివైపు ఒకసారి చూచి యూరకుండెను. ఆ ఇంటి సంగతి మాకు తెలియనిది కాదు. ఆ తండ్రి ప్రొద్దున్నే పాలు, రొట్టెలు తెచ్చును, పండ్లు తెచ్చును, పండుగకు మూడుజతల బట్టలు తెచ్చును. కూతురి జడ వేయుట యెట్లో, ఆమె అన్నము ముందు ఊరక కూర్చున్ననాడు ఏమి చెప్పవలెనో ఆయనకు తెలియదు. తెచ్చుట వేరు, తినిపించుట వేరు. మన ఇండ్లలో మొదటిదానికి సంపాదన యని పేరు, లెక్క గలదు. రెండవదానికి పేరును లేదు, లెక్కయు లేదు. అది ఆగిపోయిన దినముననే అది యొకటుండెనని తెలియును.

అటవీశాఖవారికి టెలిఫోను చేయగా సాయంకాలమునకు పక్షులను కాపాడు యువకులిద్దరు వచ్చిరి. పిల్లలను తమతో తీసికొనిపోవుదురని మేమనుకొంటిమి. వారు అరగంటసేపు చాటుననుండి మగగ్రద్ద రాకపోకలు కనిపెట్టి, “తండ్రి బ్రతికి యున్నాడు, తెచ్చుచున్నాడు. ఇవి అనాథలు కావు. లోటుపడిన పనిని మాత్రము మనము చేయుదము” అనిరి. ఒరిగిన గూటి పుల్లలతోనే వెదురుబుట్టలో గూడు పేర్చి అదే పంగలో గట్టిగా కట్టిరి. మిగిలిన మాంజా నంతయు కొమ్మకొమ్మ వెదకి తీసిరి. చేయవలసిన పనులు చెప్పి, వారమున కొకతూరి వచ్చి చూతుమని పోయిరి.

ఆ పనులు ఏ తల్లికైనను తెలిసినట్టివే. తండ్రి తెచ్చినదానిని చిన్నచిన్న ముక్కలుగా కోసి అందించుట మొదటిది. వట్టి మెత్తని మాంసము పెట్టినచో పక్షిపిల్లల కాళ్లయెముకలు వంకరపోవును గనుక సన్నని ఎముకలు నలుగగొట్టి కలుపవలెను. కొంచెము బొచ్చో ఈకలో ఉండనీయవలెను. అరగని దానిని అవి ఉండగా కట్టి తిరిగి వెడలగ్రక్కును, అది రోగము కాదు. ఉప్పు, కారము, వండిన కూర, పాలు, అన్నము పనికిరావు. నీరు నోట పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి చంపును. కావలసిన తడి పచ్చిమాంసమునుండియే వచ్చును. రెండవది నీడ. మాఘము దాటిన పిమ్మట మిద్దెమీది ఎండ నూగుపిల్లలను ఒక్క మధ్యాహ్నములో చంపగలదు. ఖాలా తన పాత నూలుదుపట్టాను నాలుగుమడతలు వేసి గూటికి పడమటగా కట్టించినది. తల్లి రెక్కకు బదులు అది.

మూడవది అన్నిటికన్న కష్టమైనది. పిల్లలు తమకు తిండిపెట్టు మనిషి ముఖము చూడరాదు. చూచినచో మనుష్యులే తల్లిదండ్రులని నమ్మి, పెద్దవైన పిమ్మట గ్రద్దలలో కలియలేవు, మనుష్యులకు భయపడను లేవు. అట్టిది బ్రతుకుట కష్టము. అందుచేత పిట్టగోడమీద ఒక నల్లని షేర్వాణీగుడ్డ తెరగా కట్టి, దాని చీలికలోనుండి వెదురుకఱ్ఱకు బిగించిన పట్టుకారుతో ముక్క అందింపవలెను. మాటలాడరాదు, పేరు పెట్టరాదు, నిమురరాదు.

ఈ పనికి ఆ బాలిక పూనుకొన్నది. మగగ్రద్ద ఊరకుండునా! తెర యొద్దకు ఎవరు పోయినను పైనుండి బాణమువలె దిగి తలమీద గోళ్లతో కొట్టజొచ్చెను. నిశాంత్ కుమార్ మొదలగు శాస్త్రజ్ఞులు ఢిల్లీలో గ్రద్దలను పరిశీలించి, మనుష్యులు మాంసము వేయు పేటలలో వానికి గూటి కాపుదలయందు తెగువ మిక్కుటమని 2018, 2019లలో ప్రకటించిరి. మన చేతినుండి తినుటచే మనభయము పోవును కాబోలు. ఆ శాస్త్రము చదువకయే ఖాలా ఉపాయము కనిపెట్టెను. మనుమరాలి తలమీద పాత అల్యూమినియపు గిన్నె బోర్లించి, పాతచీరపీలికతో గడ్డము క్రింద కట్టినది. మేము రెండవమారు పోయినపుడు ఆ పిల్ల గిన్నె కిరీటముతో, కఱ్ఱ చేతబట్టి, తెరవెనుక మోకాళ్లపై కూర్చుండి, గ్రద్ద గిన్నెను ఖణేలుమని కొట్టినపుడెల్ల కన్నులు మూసికొని, చేయి మాత్రము కదలనీయక ముక్క అందించుచుండుట చూచి మాకు నవ్వును వచ్చెను, కన్నీరును వచ్చెను.

ఆనాడు ఇంటికి వచ్చి మార్కండేయపురాణము తీసితిమి. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున మారనకవి దానిని తెనిగించెను. అందులో గరుడుని వంశమున పుట్టిన తార్‌క్షి యను పక్షి కథ గలదు. గర్భవతియైన ఆ పక్షి కురుక్షేత్రరణభూమి మీదుగా ఎగురుచు అర్జునుని బాణము తగిలి మరణించెను; దాని కడుపులోని నాలుగు గ్రుడ్లు నేలపై బడెను. భగదత్తుని ఏనుగు మెడలోని పెద్దగంట తెగి వానిపై బోర్లపడి వానిని కాచెను. యుద్ధము ముగిసిన పిమ్మట శమీకమహాముని అటు పోవుచు గంట క్రింది కిచకిచలు విని, ఎత్తి చూచి, ఈకలు రాని పిల్లలను ఆశ్రమమునకు చేర్పించి, పిల్లులు ఎలుకలు ముంగిసలు డేగలు రాని చోట నుంచి పెంచెను. ప్రాణుల బ్రతుకు వాని కర్మమునుబట్టి యుండును. అయినను మనుష్యుడు తన ప్రయత్నము తాను చేయవలెనని ఆ ముని శిష్యులకు చెప్పెను. ఆ పిల్లలే పెద్దవై వింధ్యపర్వతమున నివసించి, జైమినిమహర్షి భారతముపై అడిగిన సందేహములకు సమాధానము చెప్పెను. అనగా ఆ పురాణమున చాలభాగము తల్లిలేని పక్షిపిల్లలు చెప్పినదే.

ఈ కథ మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద చదివినపుడు పిల్లలు మాటలాడుటయే వింతగా తోచెను. ఇప్పుడు తోచిన వింత వేరు. అంతటి ఘోరయుద్ధములో, పదునెనిమిది యక్షౌహిణులు మడిసినచోట, ఒక ముని గంట నెత్తి చూచుటకు ఆగెను. బాణము వేసినవాడు పక్షిని చంపవలెనని వేయలేదు. మాంజా ఎగురవేసిన కుఱ్ఱవాడును పక్షిని చంపవలెనని ఎగురవేయలేదు. కీడు తలపెట్టకయే జరుగును. మేలు మాత్రము ఎవరో ఒకరు ఆగి, వంగి, ఎత్తి చూచిననే గాని జరుగదు.

మూడవమారు మేము పోయినది ఉగాది తరువాత. పిల్లల నూగు పోయి గోధుమవన్నె ఈకలు వచ్చియుండెను. తండ్రి తెచ్చినదానిని కాలితో త్రొక్కిపట్టి ముక్కుతో తామే చీల్చుచుండెను. నాలుగైదు వారముల వయసున అవి ఆ పని నేర్చునట. పట్టుకారుతో పని తీరినది. బాలికకు అది నచ్చలేదు. ఇంకను చిన్నవే, ఇంకొక నాలుగుదినములు పెట్టుదునని దాదీతో వాదించెను. చిన్నదానినైనను ఇంట ఉంచుకొందమని, కాలికి దారము కట్టి పెంచుదమని బ్రతిమాలెను. “దారమే కదా తల్లిని చంపింది” అని ఖాలా ఒకేమాట అనెను. బాలిక గిన్నె తీసి మూలను పెట్టి, రెండుదినములు ఎవరితోను మాటలాడలేదట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము అనుమతి లేక అట్టి పక్షిని ఇంట ఉంచుకొనుట నేరము. కాని ఆ పిల్లకు చట్టము చెప్పిన ఏమి ప్రయోజనము? మాకు వినత కథ గుర్తువచ్చినది. తొందరపడి ముందుగా గ్రుడ్డు చిదిపి తొడలులేని అనూరుని పొందిన ఆ తల్లి కథ ఆ పిల్లకు చెప్పితిమి. ముందుగా వదలించుటయు తప్పే, కాలము గడచిన పిమ్మట పట్టుకొనియుండుటయు తప్పే. రెండింటికిని నడుమనున్న సన్నని దినములను కనిపెట్టుటయే పెంపకము. ఆ పిల్ల శ్రద్ధగా విని, “అనూరుడు తరువాత ఏమైనాడు?” అని అడిగెను. సూర్యుని రథము తోలుచున్నాడంటిమి. కొంత ఊరట కలిగినట్లు కనబడెను.

చైత్రము చివర ఒక ప్రొద్దుట పెద్దది ఎగిరెను. అంతకుముందు వారముదినములుగా గూటి అంచున నిలిచి రెక్కలు తాటించుచు, కొమ్మనుండి కొమ్మకు దూకుచు నుండెనట. ఒకటే యెగురు, వేపకొమ్మనుండి కమాను పైకప్పుమీదికి. అక్కడ రాతి అంచును పట్టుకొని చాలసేపు వణకుచు కూర్చుండెను. మూడుదినములకు చిన్నదియు వెళ్లెను. యువకులు చెప్పినమీదట ఆ పిమ్మట నెలరోజుల వరకు మిద్దెమీద పళ్లెములో మాంసపుముక్కలు పెట్టుచునే యుండిరి. ఎగురుట వచ్చినంతమాత్రమున సంపాదించుకొనుట రాదు. తండ్రియు వానికి తెచ్చి యిచ్చుచునే యుండెను. మొదట ప్రతిదినము వచ్చినవి. తరువాత దినము విడిచి దినము. వైశాఖము చివరకు పళ్లెములోనిది కాకులపాలయ్యెను. ఖాలా పళ్లెము తీయించివేసెను.

ఇప్పుడు సుళ్లు తిరుగు గ్రద్దలలో ఆ రెండును ఏవో ఎవరికిని తెలియదు. బాలిక మాత్రము తనకు తెలియుననును. ఆమె జడ ఇప్పుడు తండ్రియే వేయుచున్నాడు. వంకరగానే వేయుచున్నాడు గాని వేయుచున్నాడు. దారమును పట్టుకారును పట్టి రెండునెలలు కూతురు చేసిన పని చూచినవాడు గదా!

ఇట్టి పని ఒక్క ఇంటనే జరుగుచున్నదని తలపరాదు. ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సౌద్ అను సోదరులు ఇరువదేండ్లకు పైగా గాయపడిన గ్రద్దలకు చికిత్స చేయుచున్నారు. మాంసము తిను పక్షి యని ఒకచోట వైద్యము నిరాకరింపబడగా తామే మొదలుపెట్టి, వేలకొలది పక్షులను కాపాడిరి. వారిలో ఎక్కువభాగము గాయములు మాంజావలననే. షౌనక్ సేన్ అను దర్శకుడు వారి జీవితముపై తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ అను చలనచిత్రము 2022లో సన్‌డాన్సు, కాన్సు ఉత్సవములలో బహుమతు లందెను. 2023లో ఆస్కారు పోటీకి ఎన్నికయ్యెను. దొంగయని మనము హుష్ అను పక్షికి అంతటి సేవకులు దొరకిరి.

మా పాఠకురాండ్రకు ఇట్టి సందర్భము వచ్చినచో కొన్ని మాటలు గుర్తుంచుకొనవలెను. నేలపై రెక్కలువచ్చిన పిల్ల కనబడినంతనే అనాథ యని తెచ్చివేయరాదు. తల్లియో తండ్రియో దగ్గరనే యుండి కనిపెట్టుచుండును. దూరముగా నిలిచి ఒక గంటైనను చూడవలెను. గాయములేనిచో గూటిలోనో, గూటికి దగ్గరి ఎత్తైన కొమ్మపైనో ఉంచవలెను. మనిషి ముట్టెనని తల్లి వదలివేయునన్న మాట నిజము కాదు. గాయమున్నచో గాలిరంధ్రములు గల అట్టపెట్టెలో మెత్తనిగుడ్డ పరచి, చీకటిగా, చప్పుడు లేకుండ ఉంచి, అటవీశాఖవారికో పక్షిరక్షకులకో తెలుపవలెను. వారు వచ్చులోపల తిండియు నీరును పెట్టకుండుటయే మేలు. గోళ్లు పదునుగా నుండును గనుక మందపు తువ్వాలు కప్పిగాని పట్టరాదు.

వీటన్నిటికన్న సులువైన పని యొకటి కలదు. సంక్రాంతి పండుగ వెళ్లిన మరునాడు ముగ్గులు కడుగుదుము, గొబ్బెమ్మలను గోడకు కొట్టుదుము. ఆనాడే పిల్లలను వెంటబెట్టుకొని మిద్దెయెక్కి, చెట్లలోను తీగలపైనను అందినంతమేర చిక్కుకొనిన దారమును వెదురుకఱ్ఱతో లాగి, ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయవలెను. కరెంటు తీగల జోలికి మాత్రము పోరాదు. గ్రద్దలు గూడు పేర్చుకొనుట అప్పటికే మొదలై యుండును. ఖాలా ఇంట ఈ సంవత్సరమునుండి ఆ పని బాలికకు అప్పగింపబడినది. గిన్నె ఇంకను ఆ మూలనే యున్నది.